గీత మీది చెప్పు

నా చిన్నప్పుడు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న రోజుల్లో, ఒక ఆదివారం మా లక్సెట్టిపేట చర్చి ముందర చెప్పులన్నీ తారుమారయ్యాయి. ఆ సంగతి మా సంఘంలో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. క్రిస్మస్ విందులో ఒకరు మొదలుపెడితే పెళ్ళి పంక్తిలో ఇంకొకరు పూర్తి చేస్తారు. ఎవరు చెప్పినా చివరికి వచ్చే పేరు మా పక్కింటి అక్కది. అక్క అంత కొంటెదనీ, లెక్కల పిచ్చిలో జనం చెప్పులతో కూడా ఆడుకుందనీ అంటారు.

మొన్న నిర్మల్‌లో ఆ అక్క కూతురి పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర మళ్ళీ ఆ కథే వచ్చింది. నా భార్య, పిల్లలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఎదుటి వరుసలో వడ్డిస్తున్న అక్క నా వైపు ఒకసారి చూసి, తలవంచుకుని పప్పు వడ్డించుకుంటూ పోయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇంటికి వచ్చాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ చెప్పులు సర్దింది అక్క కాదు, నేను.

అప్పట్లో అక్క కరీంనగర్‌లో డిగ్రీ ముగించుకుని ఇంటికి వచ్చి, తర్వాత ఏం చదవాలా అని చూస్తోంది. ఊరికే కూర్చోలేని మనిషి. చర్చి పక్కన ఉన్న చిన్న గదిలో సాయంత్రం పూట మా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేది. నేను మొదటి సంవత్సరం లెక్కల్లో తప్పాను. మా బాపు గోదావరి ఒడ్డున కౌలుకు వరి వేసేవాడు. ఈసారి కూడా తప్పితే చదువు చాలించి తనతో పొలానికి రమ్మన్నాడు. కోపంగా కూడా అనలేదు, వాన పడేట్టుంది అన్నట్టు మామూలుగా అన్నాడు. అందుకే నాకు భయం వేసింది. నాకున్న ఆధారమల్లా అక్క ట్యూషన్ ఒక్కటే.

ఆ ట్యూషన్ మా సంఘ పెద్దకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఆయన మంచివాడే, కాకపోతే చర్చి ఆవరణలో కుర్చీ జరిగినా ఆయనకు తెలియాలి.

“ప్రార్థన చేసుకునే జాగల గీ ప్లస్సులు మైనస్సులు ఏందమ్మా?” అన్నాడొకసారి.

“ప్లస్సు గుర్తు గుడి మీద ఎప్పటిసంది ఉన్నది గద పెద్దయ్యా” అంది అక్క శిలువ వైపు చూపించి.

అందరూ నవ్వారు గానీ పెద్దాయన నవ్వలేదు. ఆదివారం ఆరాధన అయిపోయాక కమిటీ కూర్చుని ఈ ట్యూషన్ సంగతి తేలుస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వారం మేము చదువుతున్నది సంకీర్ణ సంఖ్యలు. నాకు ఆ పాఠం మీద నమ్మకమే కుదరలేదు. వర్గం చేస్తే మైనస్ ఒకటి వచ్చే సంఖ్య ఒకటుందట, దాని పేరు ఐ అట, దాన్ని కల్పితం అంటారట. కల్పితమైతే పరీక్షలో ఎందుకు అడగాలి? పైగా ఒక బహుపది సమీకరణానికి రెండు ప్లస్ మూడు ఐ మూలమైతే, రెండు మైనస్ మూడు ఐ కూడా తప్పకుండా మూలమవుతుందట. ఈ రెండో దాన్ని మొదటి దానికి సంయుగ్మం అంటారు. ఎందుకవుతుందో అర్థం కాక దాన్ని బట్టీ పట్టాను.

శుక్రవారం సాయంత్రం అక్క నా ముఖం చూసి పుస్తకం మూసేసింది. గది గుమ్మం ముందు మేము విడిచిన చెప్పులు పడి ఉన్నాయి.

“తమ్మీ, అగో, ఆడ ఎడమ చెప్పొకటి ఉన్నది. కుడిది నీకు కనవడ్తలేదు. ఉన్నదా, లేదా?”

“ఉంటది. ఏ బండ కిందనో ఉంటది.”

“ఎట్ల చెప్తవ్?”

“ఒక్క చెప్పేసుకొని ఎవ్వలొస్తరక్కా!”

“గంతే” అంది. తర్వాత సుద్దముక్కతో నేల మీద ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు ఎక్స్ ప్లస్ పదమూడు ఈక్వల్ టు సున్నా అని రాసింది. ఇందులో ఎక్కడన్నా ఐ కనిపిస్తోందా అని అడిగింది. లేదన్నాను. మూలాల్లో ఐ ఉండి కూడా సమీకరణంలో కనబడలేదంటే, లోపలికి వెళ్ళిన ఐని మాపడానికి దాని జోడు కూడా వెళ్ళి ఉండాలి కదా అంది. దాని మూలాలు నేను బట్టీ పట్టిన రెండు ప్లస్ మూడు ఐ, రెండు మైనస్ మూడు ఐలే, వాటిని కూడి చూడమంది. ప్లస్ మూడు ఐ, మైనస్ మూడు ఐ ఒకదాన్నొకటి కొట్టేసుకుని నాలుగు మిగిలింది. గుణించి చూడమంది. పదమూడు వచ్చింది. నేల మీద ఉన్న నాలుగూ పదమూడూ అవే. నా ఒళ్ళు ఝల్లుమంది. అంతదాకా లెక్కల్లో నాకు భయం తెలుసు గానీ ఆ ఝల్లు తెలియదు.

తర్వాత ఆమె అడ్డంగా ఒక గీత గీసింది. మామూలు సంఖ్యలు, అంటే వాస్తవ సంఖ్యలు, ఆ గీత మీద ఉంటాయి. రెండు ప్లస్ మూడు ఐ గీతకు పైన, దాని సంయుగ్మం అంతే దూరంలో గీతకు కింద. గీతను అద్దం అనుకుంటే ఒకటి ముఖం, ఇంకొకటి అద్దంలో ముఖం. సమీకరణంలో గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలైతేనే ఈ జోడు సంగతి నిలబడుతుందని, అది మర్చిపోవద్దని కూడా చెప్పింది.

ఇంటికి వెళ్ళి చేసుకు రమ్మని మూడో ఘాతం సమీకరణం ఒకటి ఇచ్చింది. ఎక్స్ క్యూబ్ మైనస్ ఐదు ఎక్స్ స్క్వేర్ ప్లస్ పదిహేడు ఎక్స్ మైనస్ పదమూడు ఈక్వల్ టు సున్నా. ఒక మూలం రెండు ప్లస్ మూడు ఐ, మిగతావి కనుక్కోవాలి. రెండోది చిటికెలో రాశాను. మూడోది దగ్గర ఆగిపోయాను. దానికీ ఒక జోడు కావాలి కదా, అప్పుడు నాలుగు మూలాలవుతాయి, మూడో ఘాతానికి నాలుగెలా వస్తాయి? చాలాసేపు ఆలోచించి, కాగితం మీద “ప్రశ్న తప్పు” అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. అక్క తప్పును పట్టుకున్నానని లోపల సంతోషం కూడా.

ఇక ఆదివారం. పరీక్షలు దగ్గరపడ్డ కాలం, ఎండ అప్పుడే ముదిరింది. కమిటీ ఇవాళ ఏం తేలుస్తుందోనని నాకు దిగులు. పాస్టరు అయ్యగారి ప్రసంగం ముగిసి దీర్ఘ ప్రార్థన మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా జేబులో శుక్రవారం పాఠం దగ్గర తీసుకున్న అక్క సుద్దముక్క ఉంది. చర్చి మెట్ల నుంచి గేటు దాకా పొడుగ్గా సిమెంటు గచ్చు, దాని మీద సంఘం మొత్తం చెప్పులు. అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. చెప్పులన్నీ పాఠంలా పేర్చి పెడితే, పెద్దలు బయటకు రాగానే చూసి, అబ్బో, అక్క ఎంత బాగా చెబుతోంది అనుకుంటారని నమ్మాను. అల్లరి చేయాలని చేయలేదు. ఇది నమ్మాలో లేదో చదివేవారి ఇష్టం.

మెల్లగా బయటికి జారుకున్నాను. మెట్ల నుంచి గేటు దాకా ఒక గీత గీశాను. ఎడమ చెప్పులన్నీ గీతకు అటు, కుడి చెప్పులన్నీ ఇటు, ఏ జోడుకా జోడు ఎదురెదురుగా, సమాన దూరంలో. లోపల ప్రార్థన సాగుతూనే ఉంది. మా అయ్యగారి దీర్ఘ ప్రార్థన పేరుకు తగ్గట్టే ఉండేది. పని ముగిసి నిలబడి చూస్తే నాకే ముచ్చటేసింది. అప్పుడు కనబడింది, మెట్టు పక్కన ఒక్క ఎడమ చెప్పు. టైరు అడుగు వేసిన మోటు తోలు చెప్పు. అది బాయి తాతది.

మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. తాత నస్పూర్ దగ్గర బాయిలో పనిచేసేవాడు. అక్కడే కుడికాలు పోయింది. తర్వాత మా ఊరు వచ్చి, చంకకర్ర పట్టుకుని, ఒక్క చెప్పుతో ప్రతి ఆదివారం గుడికి వచ్చేవాడు. రోజూ చూసే మనిషి. అయినా శుక్రవారం ఒక్క చెప్పేసుకుని ఎవరొస్తారని నోటికొచ్చినట్టు అన్నాను.

ఆ చెప్పును అటు పెట్టాను, బాగాలేదు. ఇటు పెట్టాను, బాగాలేదు. ఎక్కడ పెట్టినా ఎదుట ఖాళీయే. నా బొమ్మ చెడిపోతోంది. లోపల ఆమెన్ వినబడింది. దాన్ని చేతికి అందిన ప్రహరీ గోడ మీద పెట్టి లోపలికి పరిగెత్తి, చివరి కీర్తనలో అందరికంటే గట్టిగా గొంతు కలిపాను.

బయటికి వచ్చిన జనం పాఠాన్ని చూడలేదు, చెప్పులు చూశారు. గచ్చు కాలుతోంది. ఎడమది దొరికినవాళ్ళు కుడిదాని కోసం, కుడిది దొరికినవాళ్ళు ఎడమదాని కోసం ఒంటికాలిపై గెంతుతున్నారు. “ఏ పోరడు జేసిండే గీ పని?” అని ఒక అవ్వ కొంగు నడుముకు చుట్టింది. ఇంకొకాయన తొందరలో భార్య చెప్పులు వేసుకుని గేటు దాకా పోయి తిట్లు తిన్నాడు. జోడులు ఎదురెదురుగానే ఉన్నాయి కాబట్టి కాసేపటికి అందరివీ అందరికీ దొరికాయి. బాయి తాత మాత్రం మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. నేను గోడ వైపు చూశాను. గోడ మీద చెప్పు లేదు. పక్క పెంకుటింటి కప్పు మీద ఒక కోతి కూర్చుని ఆ తోలు పట్టీని కొరుకుతోంది. ఎవరో రాయి విసిరితే చెప్పుతో సహా దూకి పారిపోయింది.

సంఘ పెద్ద సుద్దగీత మొదటి నుంచి చివరి దాకా చూశాడు. సుద్ద ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలుసు.

“ఇది నీ పనేనా అమ్మా?”

అక్క అప్పుడే బయటికి వచ్చింది. గీతను చూసింది. అటూ ఇటూ ఇంకా మిగిలిన రెండు మూడు జోళ్ళను చూసింది. ఆమెకు ఒక్క చూపులో అర్థమైపోయింది. నా వైపు తిరిగింది. నా వేళ్ళకు సుద్ద తెల్లగా అంటుకుని ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. గుంపులో మా బాపు ఉన్నాడు.

“నేనే పెద్దయ్యా. పోరగాండ్లకు లెక్క సమజైతదని” అంది.

నేను నోరు తెరవలేదు. గచ్చు మీద ఎండ, మెట్టు మీద తాత, నా వెనక నా చేతులు, అన్నీ ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి. నోరు తెరవలేదు.

“అయితె ఇగ ట్యూషన్ బంద్. కమిటీ గిమిటీ ఏం అక్కర్లే” అన్నాడు పెద్దాయన.

అక్క ఆయనతో వాదించలేదు. తాత దగ్గరికి వెళ్ళి, తన ఎడమ చెప్పు విప్పి ఆయన కాలి ముందు పెట్టింది. ఎర్ర పట్టీ, కొంచెం మడమ ఎత్తున్న ఆడవాళ్ళ చెప్పు.

“జర ఇది ఏస్కో తాతా. గచ్చు కాలుతుంది.”

తాత దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. “ఇది ఏస్కొని ఇంటికి పోతె మా ముసల్ది నన్ను ఇంట్లకు రానిస్తదా బిడ్డా? ఎవ్వతె ఇచ్చిందిరా అని అడుగదా?” అన్నాడు. కోపంతో ఉన్న జనం కూడా నవ్వారు. తాత బొటనవేలు దూర్చి చూశాడు, సగం పాదం పట్టింది. “ఇంతకు గీ గీత కథేంది?” అని అడిగాడు.

అక్క అక్కడే మెట్టు కింద కూర్చుని ఆయనకు చెప్పింది. అటు ఎడమవి, ఇటు కుడివి, నడుమ అద్దం లాంటి గీత, ఒకటి ఉంటే రెండోది ఉండి తీరుతుందని.

“మరి నాదెక్కడ?”

“నీది అటు గాదు, ఇటు గాదు తాతా. నీది గీత మీద. అద్దం మీదనే నిలవడ్డదానికి అద్దంల వేరే బొమ్మ ఎక్కడిది? దాని జోడు అదే. గీత మీదియే వాస్తవ సంఖ్యలు. అటుయి ఇటుయి అన్ని జోడు లేంది రానియి.”

తాత చంకకర్రతో గీతను తట్టాడు. “అంటె ఈ గుడిల నేనొక్కన్నే అసలోన్ని. మీరందరు ఉత్తుత్తోల్లు. గంతేనా?”

ఈసారి అయ్యగారు కూడా నవ్వారు. తాత కర్ర మీద లేచి, గుళ్ళో వద్దంటే తన ఇంటి పంచలో చెప్పుకోమన్నాడు. తనకు తోడుగా ఉంటుందనీ, అసలు సంఖ్య ఎదుట కూర్చుని నేర్చుకుంటే పోరగాళ్ళకు తొందరగా వస్తుందనీ అన్నాడు. ఎర్ర పట్టీ చెప్పును ఈడ్చుకుంటూ ఆయన ఇటు, ఒంటి చెప్పుతో అక్క అటు వెళ్ళారు. అక్క ఎడమకాలు గచ్చు మీద ఆనినప్పుడల్లా చటుక్కున ఎత్తుతోంది.

నేను ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా కోతి పోయిన దారిన పోయాను. పెంకుటిళ్ళ వెనక, మామిడితోట కంచె వెంబడి వెతికాను. పొద్దు వాలుతుండగా ఒక ఎండిన కాలువలో దొరికింది. పట్టీ మీద పంటి గాట్లున్నాయి, తెగలేదు. కడిగి, తుడిచి, పుస్తకాల సంచిలో పెట్టుకున్నాను. ఇచ్చే ధైర్యం మాత్రం ఆ రోజు రాలేదు.

మరుసటి సాయంత్రం తాత పంచలో పాఠం. అక్క చెప్పుల మాటే ఎత్తలేదు. నేల మీద గీత గీసి, పైన రెండు ప్లస్ మూడు ఐ, కింద దాని సంయుగ్మం గుర్తు పెట్టింది. నా కాగితం తీసి “ప్రశ్న తప్పు” అన్నది చదివింది. నవ్వలేదు.

“ప్రశ్న కరెక్టే తమ్మీ. మూడోది ఎక్కడ పెడ్తవో చూపియ్యి” అంది.

అప్పుడు వెలిగింది. జోడులు తీసేస్తే బేసి ఘాతంలో ఎప్పుడూ ఒకటి మిగులుతుంది. ఆ మిగిలినదానికి జోడు వెతకక్కర్లేదు, దాని చోటు గీత మీదే. మూడు మూలాల మొత్తం ఐదు కావాలి, జోడు మొత్తం నాలుగు. నేను లేచి, సంచిలోంచి తాత చెప్పు తీసి, గీత మీద ఒకటి అంకె ఉండాల్సిన చోట పెట్టాను.

“ఒకటి” అన్నాను.

తాత చంకకర్ర ఆనించుకుని ముందుకు వంగి చూశాడు. తన చెప్పును గుర్తుపట్టాడు. పంటి గాట్లను వేలితో తడిమాడు. “కోతి మంచిదే, బడికి గూడ ఒస్తున్నది” అన్నాడు. మిగతా పిల్లలకు అది అర్థం కాలేదు. అక్క నా కాగితం మీద “ప్రశ్న తప్పు” కొట్టేసి టిక్కు పెట్టింది. ఆ రోజు నుంచి చనిపోయేదాకా తాత ఆ గాట్ల చెప్పే వేసుకున్నాడు.

పిల్లలు వెళ్ళాక, పెద్దయ్యకు నిజం చెప్పేస్తానన్నాను. “ముందుగాల పరీక్ష రాయి. అయినంక చెప్దువు తియ్యి” అంది అక్క. పరీక్ష రాశాను, పాసయ్యాను. బాపు ఆ రోజు పొలానికి పోకుండా ఇంటి దగ్గరే ఉన్నాడు. తర్వాత కరీంనగర్‌లో డిగ్రీ, తర్వాత ఉద్యోగం. అక్కేమో టీచరై నిర్మల్ వెళ్ళింది. తాత పోయాడు, సంఘ పెద్ద పోయాడు. చెప్పాల్సిన మాట మాత్రం మిగిలిపోయింది. అంతకంటే సిగ్గుపడాల్సినది ఇంకొకటి ఉంది. ఇప్పుడు నేను మంచిర్యాలలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ప్రతి ఏడూ ఆ పాఠం వచ్చినప్పుడు చెప్పుల కథ చెబుతాను. మా పక్కింటి అక్క ఇలా చేసిందని నేనూ అలాగే చెబుతూ వచ్చాను. పాఠం అక్కది, అల్లరి నాది. రెండూ ఆమె మీదే పెట్టేశాను.

నిన్న ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు రాస్తున్నాను అక్కా అని చెప్పాను. అటువైపు పెళ్ళింటి గిన్నెల చప్పుడు వినబడుతోంది.

“ఇన్నేండ్లకు యాదికొచ్చిందా? రాయి తమ్మీ, మంచిగనే ఉంటది. గని నన్ను మరీ దేవతను చెయ్యకు. ఆ దినం నా అరికాలు బొబ్బలెక్కింది, నిన్ను మస్తు తిట్టుకున్న” అని నవ్వింది.

ఆమె తిట్టుకుందని తెలిశాక నాకు ఎందుకో తేలికగా అనిపించింది. ఈ సంవత్సరం తరగతిలో కథ సరిగ్గా చెబుతాను. ఎప్పుడూ బోర్డు మీద ముందు జోడు మూలాలే పెట్టేవాడిని, ఈసారి ముందు గీత గీసి దాని మీద ఒకటి పెడతాను. ఇప్పటికీ ఏ గుమ్మం ముందైనా ఒంటి చెప్పు కనిపిస్తే దాన్ని పక్కకు తోయలేను. వంగి తీసి, అందరూ నడిచే దారికి సరిగ్గా నడుమ పెట్టి లోపలికి వెళ్తాను.